సమ్మె రోజు బాయిలర్ దగ్గర

జూలై 1974, గురువారం

ఈ మధ్యాహ్నం ఫ్యాక్టరీలో సమ్మె మొదలైంది. జీతం పెంచమని అడగడం మన హక్కని నిన్న మీటింగులో గట్టిగా మాట్లాడింది నేనే. అయినా అందరూ గేటు దాటుతుంటే నేను బాయిలర్ దగ్గర ఆగిపోయాను. మంట తీసేసినా ఆవిరి దిగడానికి రెండు గంటలు పడుతుంది. అప్పటిదాకా నీటిమట్టం చూస్తూ ఉండకపోతే పేలిపోవచ్చు. గోడ అవతల పొలంలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు.

నాలుగేళ్లుగా నా పక్కనే పనిచేస్తున్న మల్లయ్య లోపలికొచ్చి నిలదీశాడు.

"ఏందన్నా, మేమంత బయటికి పోతే నువ్వు కంపెనీ పని చేస్తవా?"

"ఆవిరి దిగగానే వస్తాను మల్లయ్యా. ఇది పేలితే పోయేది ఎవరు, చెప్పు?"

గిరుక్కున తిరిగి గేటు వైపు వెళ్లిపోయాడు.

ఆవిరి దిగాక మేనేజరుగారు వచ్చి, ఈ రోజుకు నాకు హాజరు వేయిస్తానన్నారు. "వద్దండీ, నేను సమ్మెలో ఉన్నాను" అని చెప్పి బయటికొచ్చాను.

గేటు బయట సమ్మె కోసం వేసిన టెంటులో ఎవరూ పలకరించలేదు. మల్లయ్య మాత్రం నా మొహం చూడకుండానే కాస్త జరిగి చోటిచ్చాడు. హాజరు వద్దన్న సంగతి అతనికి చెప్పలేదు. చెబితే తప్పు చేసి సర్దిచెప్పుకున్నట్టు ఉంటుందనిపించింది.

రేపూ అక్కడే కూర్చుంటాను. పలకరిస్తే సరే, పలకరించకపోయినా...