మద్దిలపాలెం కూడలిలో మిగిలిపోయిన మా ఆయన ముఖం

గౌరవనీయులైన ఫ్లెక్సీల తొలగింపు ప్రత్యేకాధికారి గారి సముఖమునకు,
విశాఖపట్నం.

కీ.శే. గంగాధరరావు గారి భార్య కుసుమకుమారి, మద్దిలపాలెం కాపురస్తురాలు, వ్రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: మద్దిలపాలెం బస్టాపు వెనుక తమ సిబ్బంది సగం కోసి వదిలేసిన ఫ్లెక్సీలో మిగిలిన సగమును, అనగా నా భర్త మృతదేహపు ముఖచిత్రమును, తక్షణం తొలగించుట గురించి.

పై విషయమై తమరికి మనవి చేసుకొనునది ఏమనగా, నేను హార్బరు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తున్నాను. ఊళ్ళోవాళ్ళ అర్జీలు ఎన్నో టైపు చేశాను. కనుక ఎక్కడ 'మనవి' రాయాలో, ఎక్కడ 'ప్రార్థన' రాయాలో నాకు తెలుసు. ఈ అర్జీలో అక్కడక్కడా ఆ మర్యాద తప్పితే అది తెలియక కాదు, ఒళ్ళు మండి అని గ్రహించగలరు.

1. నా భర్త ఉక్కు కర్మాగారంలో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. రిటైరైన తరువాత వారికి ఒక జబ్బు పట్టుకున్నది. ఫోన్లో చూసి స్మారక నాణేలు తెప్పించుకునే జబ్బు. స్మారక నాణెమంటే ఏ మహానుభావుడి శతజయంతికో వేసినది అని తమరు అనుకోవచ్చు. కాదు. ఒకదాని మీద గిటారు పట్టుకున్న పిల్లి. ఒకదాని మీద ఆకాశంలో కత్తి తిప్పే యోధుడు. ఒకదాని మీద నాలుక బయటపెట్టిన ఆకుపచ్చ రాక్షసుడు, లైటు తీస్తే వాడి కళ్ళు వెలుగుతాయి. వెనకవైపు మాత్రం అన్నింటికీ ఒకటే బొమ్మ, ఏదో సముద్రం మధ్య ద్వీపానికి రాణిగారట. ఆవిడ ఈ పిల్లికీ రాక్షసుడికీ తన వీపు ఎలా అప్పగించిందో నాకు అర్థం కాలేదు. ప్రతి బిళ్ళకూ 'పరిమిత ముద్రణ' అని బంగారు అక్షరాల ధ్రువపత్రం ఒకటి. అది పట్టుకుని బజారుకు వెళితే కరివేపాకు రెబ్బ కూడా రాదు.

ఆయన మాత్రం ఆదివారం భోజనమైన తరువాత నా పట్టు జాకెట్టు గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, చేతికి తెల్ల గ్లవుజు తొడిగి, వాటిని వరసగా పేర్చుకునేవారు. మిల్లులో ఉన్నన్నాళ్ళూ తాము చేసిన ఉక్కును ఒక్కసారి చేత్తో తాకలేదని, దగ్గరికి పోతేనే మొహం కాలిపోయేదని, ఇవైనా పట్టుకుని చూసుకుంటానని అనేవారు. తీరా చూస్తే వీటినీ తాకరు. వేలిముద్ర పడితే విలువ పోతుందట. ప్లాస్టిక్కు డిబ్బీలోంచి బయటికి తీసేవారే కాదు. చూసినప్పుడల్లా నాకు రోత పుట్టేది. ఆ మాట మొహం మీదే అనేదాన్ని. ఆయన నవ్వి, 'నీకు పిల్లి నచ్చలేదులే' అనేవారు. నాకు రోత పుట్టింది బిళ్ళల మీద అని, మనిషి మీద కాదని ఇక్కడ రికార్డు కోసం వ్రాస్తున్నాను.

2. ఆయన గుండెపోటుతో పోయిన ఉదయం మా ఇంట్లో ఒక్క రూపాయి బిళ్ళ లేదు. శవం నుదుట రూపాయి పెట్టడం మన ఆచారమని తమరికి తెలియనిది కాదు. కానీ పాలకు ఫోను, ఆటోకు ఫోను, గుడి హుండీకి కూడా స్కానరు వచ్చిన తరువాత ఏ ఇంట్లో చిల్లర ఉంటుంది? ఆనందపురం నుంచి వచ్చిన మా తమ్ముడు గురునాథరావు కింద టీ బడ్డీకి పరుగెత్తాడు. బడ్డీవాడు 'సిల్లర ఎక్కడిది మావా, ఫోన్ కొట్టు' అన్నాడట. నుదుటికి ఫోను ఎలా కొడతారో వాడు చెప్పలేదు.

పాడె సిద్ధమైంది. అందరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. అప్పుడు మా తమ్ముడికి బావ నాణేల పెట్టె గుర్తొచ్చింది.

"అప్పా, బావ దగ్గర బిళ్ళలున్నాయి కదేటి? ఒకటి తీత్తాను" అన్నాడు.

వాడు పెట్టె తెచ్చి తెరిచాడు. పక్కింటి జోగమ్మ పిన్ని మా వీధిలో ఇలాంటి కార్యాలకు పెద్దదిక్కు. పెట్టెలోకి తొంగిచూసి, "సచ్చిపోయినోడి నుదుట పిల్లినెట్టేత్తారేటర్రా, మనిసి బొమ్మున్నది తియ్యండి" అన్నది. కత్తి దూసిన యోధుణ్ణి వద్దనుకుంటే, మనిషి బొమ్మ ఉన్నది ఒక్కటే దొరికింది. దాని మీద నల్ల కళ్ళద్దాలు, మెడకు ఎర్ర రుమాలు, నోట్లో అగ్గిపుల్లతో ఒక సినిమా హీరో ఉన్నాడు. అతని పేరు ఈ కాగితం మీద టైపు చేయడం నాకిష్టం లేదు గనుక 'సదరు హీరో' అని వ్రాస్తాను.

ఆయన వేలు తగలనివ్వని ఆ డిబ్బీని మా తమ్ముడు పళ్ళతో కొరికి విప్పాడు. అప్పుడు ఏ వైపు పైకి పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఒకవైపు సదరు హీరో, రెండోవైపు రాణిగారు. జోగమ్మ పిన్ని ఒక్క క్షణం ఆలోచించి, "పరాయాడదాని మొకం మన గంగాధరానికి నుదుటిమీదేటి, ఆ కుర్రోడినే పైకెట్టండి" అని తీర్పు చెప్పింది. అలాగే పసుపు ముద్దతో అంటించారు. అగ్గిపుల్ల నోట్లో పెట్టుకున్న ఆ మొహం మెరుస్తూ, కింద మా ఆయన మొహం. నేను చూసి తల తిప్పుకున్నాను. ఆ సమయంలో ఎవరితో పోట్లాడను?

3. గురునాథరావు కొడుకు నవీన్ అదే సమయంలో ఫోటో తీశాడు. మామయ్య చివరి చూపని స్టేటస్ పెట్టుకున్నాడు. ఆ ఫోటో ఎన్ని ఫోన్లు ఎక్కి దిగిందో తెలియదు, సదరు హీరో అభిమాన సంఘం అధ్యక్షుడు రోహిత్ అనే యువకుడి దగ్గర తేలింది. పెద్దకర్మ కాకముందే శాలువా, దండ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వెంట మరికొందరు, అందరికీ మెడలో ఎర్ర రుమాళ్ళు.

"ఆంటీ, అంకుల్ లాంటి ఫ్యాన్‌ని నాను సూళ్ళేదు. పోయేటప్పుడు కూడా అన్ననే నుదుట పెట్టుకున్నారు" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అదే నాకు ఎక్కువ వెగటు పుట్టించింది.

మా ఆయన సదరు హీరో సినిమా ఒకే ఒక్కటి చూశారని, అదీ ఇంటర్వెల్ దాకా నిద్రపోయి లేచి పాప్‌కార్న్ అడిగారని అతనికి చెప్పాను. ఆ బిళ్ళ కూడా కొన్నది కాదని, పిల్లినీ రాక్షసుణ్ణీ కలిపి కొన్నందుకు కంపెనీవారు ఉచితంగా పడేశారని కూడా చెప్పాను. అతను తల ఊపుతూ విని, "బాదలో ఉన్నారు ఆంటీ, మీకు తెలీదు" అన్నాడు. మా ఆయన గురించి నాకు తెలియదట. చితికి ముందు తీసి ఉంచిన ఆ బిళ్ళ ఇస్తే కొత్త సినిమా రిలీజు రోజున థియేటర్లో అద్దాల పెట్టెలో పెడతానని అడిగాడు. చెప్పుతో కొడతానన్నాను. ఈ మాట అన్నట్లు అంగీకరిస్తున్నాను.

4. తరువాత నేను ఆఫీసుకు బయలుదేరిన మొదటి రోజున మద్దిలపాలెం బస్టాపు వెనుక ఫ్లెక్సీ వెలిసి ఉన్నది. ఎడమవైపు సదరు హీరో, అగ్గిపుల్లతో. కుడివైపు నా భర్త. ముక్కులో దూది, గడ్డానికి కట్టిన గుడ్డ, నుదుట బిళ్ళ. మా పెళ్ళైనప్పటి నుంచి నేను ఆ ముఖాన్ని అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. కింద 'ఊపిరి ఆగినా అభిమానం ఆగలేదు' అని, హీరో వైపు మూలన అభిమానుల పాస్‌పోర్టు ఫోటోలు, అందరూ నవ్వుతూ.

ఆ బస్టాపులోనే నేను రోజూ బస్సెక్కాలి. అక్కడ జనం పల్లీలు తింటూ ఆయన్ను చూస్తారు. ఒకామె తన బిడ్డకు, "అదిగో బూచోడు, అన్నం తినకపోతే పట్టుకుపోతాడు" అని చూపిస్తుంటే నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాలేజీ పిల్లలు దూదికి తగ్గట్టు ముక్కులో వేళ్ళు పెట్టుకుని సెల్ఫీలు దిగారు. సినిమా రిలీజు రోజున అభిమానులు నిచ్చెన వేసి సదరు హీరోకు పాలాభిషేకం చేశారు. ఎగిరి పడ్డ పాలు మా ఆయన ముఖం మీద ధారలు కట్టి ఎండిపోయాయి. మర్నాటికి పులిసి కంపు కొట్టింది. ఈగలు ఆయన కళ్ళ మీద వాలాయి. నేను రోడ్డు మీద నిలబడి, అందనంత ఎత్తున ఉన్న ఈగలను చీర కొంగుతో తోలాను. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. తమరికి పెళ్ళై ఉంటే, ఈ పేరా ఇంటికి తీసుకువెళ్ళి తమ భార్యకు చదివి వినిపించవలసినదిగా ప్రార్థన.

5. నేను తమ విభాగానికి ఫోను చేసి ఫిర్యాదు ఇచ్చాను. సిబ్బంది వెంటనే వచ్చారు, అందుకు కృతజ్ఞతలు. వచ్చినవారు ఫ్లెక్సీని మధ్యకు నిలువుగా కోసి, సదరు హీరో ఉన్న సగాన్ని చుట్ట చుట్టి బండిలో వేసుకున్నారు. నా భర్త ఉన్న సగాన్ని అక్కడే ఉంచి, గాలికి ఎగరకుండా కొత్త తీగలతో గట్టిగా బిగించారు కూడా.

ఇదేమిటని అడిగాను. సూపర్‌వైజరు మర్యాదస్తుడు. "అమ్మా, అది సినిమా ప్రకటన, పర్మిషన్ లేదు, తీసేత్తన్నాం. ఇది శ్రద్ధాంజలి. సావు ఫ్లెక్సీ మేం ముట్టుకోమమ్మా. ఆ ఇంటోళ్ళు బాదపడతారు" అన్నాడు.

"ఆ ఇంటిదాన్ని నేనే" అన్నాను.

అతను నన్ను చూసి, పైన బొమ్మను చూసి, టోపీ తీశాడు. "అయితే రాసివ్వండమ్మా" అన్నాడు.

అందుచేత వ్రాస్తున్నాను. ఇప్పుడు ఆ కూడలిలో హీరో లేడు, అభిమానులు లేరు, వారి నినాదంలో సగం లేదు. 'అభిమానం ఆగలేదు' అన్న ముక్క పైన నా భర్త ఒక్కరే నుదుట బిళ్ళతో మిగిలారు. కొత్తగా చూసేవాళ్ళకు ఆయన ఎవరో, ఆ వేషమేమిటో బొత్తిగా బోధపడదు. అంతకుముందు కనీసం పక్కన ఒక మనిషైనా ఉన్నాడు.

6. కావున తమరు దయతో సదరు సగాన్ని కూడా దింపించవలెను. దింపేటప్పుడు ముఖం మధ్యగా కోయకుండా అంచున కోయమని సిబ్బందికి చెప్పవలెను. హీరోను వేసిన బండిలో వేయరాదు. ఈ బిళ్ళలు అమ్మే కంపెనీల మీద చర్య తమ పరిధిలోకి రాదని నాకు తెలుసు. అయినా ఎక్కడో ఒకచోట వ్రాయాలి గనుక వ్రాస్తున్నాను. మనిషి ఇష్టంగా దాచుకున్నదాన్ని పిల్లుల బొమ్మలేసి అమ్మేవాళ్ళూ, దాన్ని చూసి మనిషి ఎవరో తేల్చేసేవాళ్ళూ నాకు ఒక్కటే.

పై సంగతులన్నీ చిత్తగించవలెను. ఒక్కసారి ఆ బస్టాపులో నిలబడి, తల పైకెత్తి చూసి, ఆ పిమ్మట ఉత్తర్వు ఇప్పించవలెనని వేడుకొంటూ,

ఇట్లు
తమ విధేయురాలు,
కుసుమకుమారి

తా.క.: ఈ అర్జీని కవరులో పెట్టి బయలుదేరేసరికి మా తమ్ముడు ఆనందపురం నుంచి వచ్చి బస్టాపులో నిచ్చెన వేసి ఉన్నాడు. నవీన్ కింద పట్టుకున్నాడు, ముఖం ఎత్తి నన్ను చూడలేదు. తమ సిబ్బంది బిగించిన తీగలు బలమైనవి, చాలాసేపు పట్టింది. చివరి తీగ తెగినప్పుడు ఫ్లెక్సీ కింద పడకుండా బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నలుగురు వచ్చి నాలుగు మూలలా పట్టుకున్నారు. ఎవరూ పిలవలేదు. ఆటోలో పట్టలేదు గనుక అలాగే ఇంటిదాకా మోసుకొచ్చారు. దారిలో బళ్ళు ఆగి తొలిగాయి.

కావున పైన 6వ పేరాలో కోరినది రద్దు చేసుకుంటున్నాను. దాని బదులు వేరొకటి అడుగుతున్నాను. తమరు రోజూ ఇలాంటివి దింపిస్తుంటారు, దింపిన తరువాత వాటిని ఏం చేస్తారు? చింపడానికి నాకు చేతులు రావడం లేదు. మడిస్తే ముక్కు దగ్గర మడత పడుతోంది. చెత్తబండికి ఇవ్వలేను. తగలబెడదామంటే, ఇది ప్లాస్టిక్కు, కాల్చరాదని చట్టమున్నదని నవీన్ అంటున్నాడు. తడిగుడ్డతో పాల మరకలు తుడిచి హాల్లో పరిచాము. గుమ్మం నుంచి గోడ దాకా ఆయనే ఉన్నారు. వంటింట్లోకి వెళ్ళాలంటే ముఖం మీద కాలు వేయాలి. అందుచేత పొద్దుటి నుంచి మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. త్వరగా జవాబు ఇప్పించండి.