పచ్చరంగు బోల్టులు

మార్చి 3, మంగళవారం

బావ కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి. రేకులు నొక్కే రెండో నంబరు ప్రెస్‌లో. రేకు సర్దుతుంటే చేతి మీదికి దిగింది. అంబులెన్స్ గేటు దాటగానే ఓనరు నన్ను పిలిచి ప్రెస్‌కి అడ్డుగా ఉండే గార్డు బిగించమన్నాడు, ఇన్‌స్పెక్టర్ వచ్చేలోపు. బిగించాను.

మార్చి 4

ఇక్కడైనా నిజం రాయాలి. గార్డు ఉంటే చెయ్యి లోపలికి పోదు. కానీ పని నెమ్మదిస్తుంది. అందుకే ఓనరు తీయమన్నాడు. తీసింది నేను. ఫిట్టర్ని కదా. తనిఖీ రోజు పెడతాం, ఇన్‌స్పెక్టర్ కారెక్కగానే తీస్తాం. చుట్టపుచూపుగా వస్తుందని షాపులో దాన్ని 'చుట్టం' అంటాం. నేనూ నవ్వేవాణ్ణి.

మార్చి 19

అక్క బావకి అన్నం తినిపిస్తోంది. చూడలేక లేచి వెళ్లి చేతులు కడుక్కున్నాను. తినకుండానే.

ఏప్రిల్ 6

అక్కతో లాయరు దగ్గరికి వెళ్లాను. ఇన్సూరెన్స్ పరిహారం వచ్చింది కాబట్టి కంపెనీ మీద దావా నిలవదట. చట్టమే దానికి గొడుగు పట్టిందట. ఒక్కటే దారి. ప్రమాదమని తెలిసీ ఓనరే గార్డు తీయించాడని రుజువు కావాలి. బావ మాట చాలదు, ఓనరు ఆ మాట అనగా విన్నవాడే చెప్పాలి.

తీసిందెవరో బావ నోరు విప్పడం లేదు, నువ్వైనా కనుక్కోరా అంది అక్క. సరేనన్నాను. నాకంటే వెధవ ఉంటాడా?

ఏప్రిల్ 7, పొద్దున 7.40

ఓనరు టైప్ చేసిన కాగితం ఇచ్చాడు. గార్డు ఎప్పుడూ బిగించే ఉండేదని. సోమవారంలోగా సంతకం కావాలట. లేకపోతే తీసింది నీ చెయ్యేగా అని నవ్వాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండూ నేనే తవ్వుకున్నాను.

ఏప్రిల్ 9

టూల్ బ్యాగ్ అడుగున గార్డు పాత బోల్టులు నాలుగు దొరికాయి. ప్రెస్‌తో పాటు పచ్చ పెయింటు పడినవి. ఆ రోజు హడావిడిలో కొత్తవి బిగించేశాను. పచ్చటి ప్రెస్ మీద అవి తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరూ చూడలేదు. నాకు మాత్రం ఇప్పుడు అవే కనిపిస్తున్నాయి.

ఏప్రిల్ 12, ఆదివారం

బావ ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. అక్క బయటికి వెళ్లాక, కాగితం మీంచి తలెత్తకుండా అన్నాడు.

"నువ్వే తీశావని మీ అక్కకి చెప్పలేదురా. చెప్పను కూడా."

చెంప పగలగొట్టినా బాగుండేది.

ఏప్రిల్ 13

ఓనరు కాగితం ఓనరుకే ఇచ్చేశాను, సంతకం లేకుండా. బోల్టులు నాలుగూ అక్క చేతిలో పెట్టాను. ఎక్కడివని అడిగింది. చెప్పాను.

గుప్పిట మూసింది. తర్వాత తలుపు.