తాతయ్య లేచియున్నాడు

చర్చి ఆదివారం బడి టీచరమ్మ గారికి,
గడియారాల రిపేరు షాపు నుంచి వందనాలు.

ఇంగ్లీషు క్రియలూ కాలాలూ నేర్పుతారంటే సంతోషించి మా మనవరాలిని పంపాను. బైబిల్లోంచి నేర్పుతున్నారట, అదీ బాగానే ఉంది. కానీ మొన్న మధ్యాహ్నం నేను కునుకు తీసి లేవగానే, మా వసపిట్ట వీధిలోకి పరిగెత్తి "మా తాతయ్య లేచియున్నాడు" అని, ఈస్టరునాడు యేసు గురించి చాటినట్టు చాటింది. ఎదురింటి బేకరీ ఆవిడ, నేను పోయిందెప్పుడా అని కంగారుపడి పూలదండ పట్టుకొచ్చింది. తీరా నేను టీ తాగుతూ కనబడేసరికి ఆవిడ గుండె ఆగినంత పనైంది. పిల్లను మాన్పిద్దామనుకుంటున్నాను.

ఇట్లు,
వాచీ తాతయ్య

తా.క.: తెచ్చిన దండ వృథా చేయడం ఇష్టంలేక ఆవిడ నా మెడలోనే వేసి వెళ్లింది.

---

తాతయ్య గారికి,
ప్రభువునందు వందనాలు.

దయచేసి మాన్పించకండి. క్లాసులో ఉన్నదే పదిమంది. ఒక్కరు తగ్గినా ఎత్తేస్తామని చర్చి పెద్దలు ముందే చెప్పారు. ఈ క్లాసంటే నాకు ప్రాణం.

దేవుడు వెలుగును చేసెను, మనల్ని కాపాడుచున్నాడు, మళ్లీ వచ్చును. ఈ మూడు కాలాలూ పిల్లలకు ఇట్టే పట్టుబడ్డాయి. "హీ హాజ్ రిజన్" దగ్గరే చిక్కొచ్చింది. లేచాడంటే ఎప్పుడో లేచాడు, అయిపోయింది. లేచియున్నాడంటే, అప్పుడు లేచినవాడు ఇప్పటికీ సజీవంగా ఉన్నాడు. ఇది చెప్పలేక తంటాలుపడి, చివరికి కిటికీలోంచి గోపురం చూపించి "చర్చి గడియారం ఆగియున్నది" అన్నాను. అందరికీ అర్థమైంది. ఆరేళ్లుగా చూస్తున్నారుగా.

మీ,
టీచరు

తా.క.: మీ ఇంట్లో పాలు "పొంగుచున్నవి" అనాలా "పొంగియున్నవి" అనాలా అని పాప ఆలోచిస్తుండగా రెండోదే నిజమైందట. క్షమించండి.

---

టీచరమ్మా,
ఈసారికి వందనాలు లేవు.

గడియారం ఊసెందుకు? ఆగినవి ఇంకేం దొరకలేదా? మీకెవరు చెప్పారు? ఆరేళ్ల క్రితం పాస్టరు గారు ప్రసంగం ఆపి, "గడియారాలు బాగుచేసే ఆయనే ఆలస్యంగా వస్తున్నాడు" అన్నారు. చర్చంతా నవ్వింది. అప్పట్నుంచి నేను ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు మీరు పిల్లల ముందు దాన్ని కెలుకుతారా? ఆదివారం నుంచి పిల్ల రాదు.

ఇట్లు,
ఇంతే

తా.క.: "తాతయ్య కోపపడియున్నాడు, అప్పటి కోపం ఇప్పటికీ ఉంది" అంటోంది మనవరాలు. పాఠం మాత్రం వంటబట్టింది.

---

తాతయ్య గారికి,
వందనాలు, మీవి కూడా కలిపి.

నేనీ చర్చికి వచ్చి రెండేళ్లే. ఆ గొడవ ఒట్టు, నాకు తెలియదు. ఉత్తరం చూసి హడలిపోయి పాస్టరు గారిని అడిగాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకుని, "ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది" అన్నారు. గడియారం బాగుచేస్తామని ఎంతమంది వచ్చినా, "అది వాచీ తాతయ్య పని, ఆయనే వస్తారు" అని పంపేశారట. మీ బల్ల చివరి చోటు కూడా ఖాళీగానే ఉంది. పాప కోసం క్లాసు ఎదురుచూచుచున్నది.

మీ,
టీచరు

తా.క.: పాప రాకపోతే నన్ను నేను భూతకాలంలో చెప్పుకోవాలి.

---

తల్లీ, టీచరమ్మా,
బోలెడు వందనాలు.

కవరులో బరువుగా తగిలేది చర్చి గడియారంలోని పళ్లచక్రం. ఆ ఆదివారం నవ్వులు భరించలేక, నూనె వేస్తానని గోపురం ఎక్కి, దీన్ని ఊడదీసి జేబులో వేసుకొచ్చాను. ఇక ఎవరు ఆలస్యమో ఎలా తేలుస్తారో చూద్దామని. గడియారం ఆగలేదమ్మా, నేను ఆపాను. కాదు, ఆపియున్నాను. అప్పుడు చేసింది ఇప్పటికీ అలాగే ఉండటమేగా మీ పాఠం. సిగ్గుగా ఉంది.

చక్రం పాస్టరు గారికి చూపించండి. బిగించడం మాత్రం ఎవరికీ అప్పజెప్పకండి, తిరగేసి బిగిస్తారు. పిల్ల వస్తుంది. వెంట పదకొండో విద్యార్థి కూడా.

ఇట్లు,
వాచీ తాతయ్య

తా.క. (ఇది నేనే రాస్తున్నాను టీచర్): తాతయ్య ఏడ్చెను. ఇప్పుడు నవ్వుచున్నాడు. ఆదివారము వచ్చును. ఆలస్యముగానే.