తొమ్మిదులు కొట్టని కౌంటరు

నెల్లూరు,
శనివారం.

ప్రియమైన అమ్మకు నీ కెజియ వందనాలు.

ప్రభువు దయవల్ల అవ్వ, తమ్ముడు ఫ్రెడ్డీ, నేను బాగున్నాం. అవ్వకు మోకాళ్ల నొప్పి తగ్గలేదు, నోరు కూడా తగ్గలేదు. కువైట్‌లో నువ్వు, నువ్వు చూసుకునే పెద్దామె కులాసా అని తలుస్తాను. ఎలిశబెతు పిన్ని ఈ రాత్రికి మద్రాసు పోయి విమానం ఎక్కుతోంది. ఫోనులో అయితే నీ చుట్టూ మనుషులుంటారు. అందుకే రాసి ఆమె చేతికిస్తున్నాను.

పోయిన ఉత్తరంలో అడిగావు: "ఫార్మసీ చదివి మందుల షాపులో టైపు కొడుతూ కూర్చుంటే ఏం లాభం? మా మేడం పిల్లల్ని చూసుకునేదానికి వస్తే నా పక్కనే ఉంటావు గదా" అని. మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను.

మా షాపులో ప్రతి బిల్లుకూ మందు పేరు, బ్యాచ్ నంబరు, డాక్టరు పేరు, కొన్నవాళ్ల పేరు, ఫోను నంబరు కొట్టాలి. చివరి గడి నిండకపోతే కంప్యూటరు బిల్లు ఇవ్వదు. రద్దీలో ఆ గడి నిండా తొమ్మిదులు కొట్టి పంపడం మా షాపు అలవాటు. ఓనరు పద్మనాభయ్య గారే నేర్పారు. పక్క కౌంటరులో ఉషారాణి అక్క రెండు వేళ్లతో కొడుతుంది, ఆమెకు వేరే దారి లేదు. నాకు ఉంది. ట్రంకు రోడ్డులో నువ్వు చేర్పించిన టైపు ఇన్‌స్టిట్యూట్ చదువు వేళ్లలోనే ఉంది. మనిషి నంబరు చెబుతుండగానే పడిపోతుంది, నా కళ్లు మాత్రల అట్ట మీదే ఉంటాయి. "ఏమే, హార్మోనియం వాయిస్తుండావా? మెల్లగా, కీలు ఊడిపోతాయి" అని అక్క ఆటపట్టిస్తుంది.

మొన్న హోల్‌సేల్ వాళ్లు ఫోను చేశారు. ఒక బ్యాచ్ బీపీ మాత్రలు అట్ట మీద రాసినదానికంటే ఎక్కువ పవరువట. అమ్మినవి వెనక్కి తెప్పించమన్నారు. నా కౌంటరులో కొన్నవాళ్లందరికీ వెంటనే ఫోన్లు చేశాను. మైపాడు చిన్నపోలయ్య ఒక్కడే ఎత్తలేదు. పేరు పక్కన ఊరు కూడా కొట్టి ఉన్నాను కాబట్టి బస్సెక్కి పోయాను. అతను అప్పుడే చేపల వేట నుంచి ఒడ్డుకు వచ్చాడు. ఆ మాత్రలు వేసుకున్న అతని భార్య కళ్లు తిరుగుతున్నాయని మంచం దిగడం లేదు. ఎండదెబ్బ అనుకున్నారట.

"మందులు ఇంటికి తెచ్చిచ్చేవాళ్లను చూసినాం గానీ, వెనక్కి లాక్కపోయేదాన్ని నిన్నే చూస్తుండానమ్మా" అంటూ అట్ట నా చేతిలో పెట్టాడు.

ఆమెను ఆటోలో నెల్లూరు తెచ్చి ఆసుపత్రిలో చేర్పించాం. ఇప్పుడు లేచి కూర్చుని అతన్ని తిడుతోంది.

ఉషారాణి అక్క దగ్గర కొన్నవాళ్లు ఎక్కడున్నారో తెలియదు. అన్నీ తొమ్మిదులే. అక్క ఏడ్చింది. షాపు ముందు బోర్డు కట్టాం, డాక్టర్లకు చెప్పాం. కొందరు వచ్చారు, అందరూ రాలేదు. ఇకమీదట ఏ కౌంటరులోనూ తొమ్మిదులు కొట్టకూడదని, అక్కకూ మిగతావాళ్లకూ పొద్దున షాపు తెరవకముందు నేను టైపు నేర్పుతానని నిన్న పద్మనాభయ్య గారితో అన్నాను.

"లైను రోడ్డు మీదికి పోతే జనం తిట్టేది నిన్ను గాదు, నన్ను" అన్నారాయన. "అయినా నువ్వు వచ్చే నెల కువైట్ పోయేదానివి. నీకెందుకు పాపా ఇదంతా?"

"నేను పోనండి" అన్నాను.

అమ్మా, నీకు చెప్పకముందే ఆ మాట ఆయనకు చెప్పాను. నీకు చెప్పడానికి ఇన్ని పేరాలు పట్టింది. నీ పక్కన ఉండాలని నాకు లేక కాదు. నా వీసా కోసం మేడంను ఎంత బతిమాలావో పిన్ని చెప్పింది. మేడం నాకు టిక్కెట్టు తీయకముందే వద్దని చెప్పు. ఏజెంటు దగ్గర్నుంచి పాస్‌పోర్టు తెచ్చేసుకున్నాను. కోపం వస్తే ఫోనులో తిట్టు, వింటాను. మనసు మాత్రం మార్చుకోను.

రేపు ఆరాధనకు పోవడం లేదు. అవ్వ అప్పుడే సణుగుతోంది. ఆ మాత్రలు కొన్నవాళ్లలో మిగిలినవాళ్లు దొరకాలంటే వేరే దారి లేదు. ఆటోకు మైకు కట్టించి కోవూరు వైపు, మైపాడు వైపు ఊరూరా తిరగబోతున్నాం. షాపు పేరు, ఆ మాత్రల పేరు, నంబర్లు రాసుకోకపోవడం మా తప్పేనన్న మాట, అన్నీ గట్టిగా చెప్పాలి. పద్మనాభయ్య గారు అన్నిటికీ ఒప్పుకున్నారు గానీ, మైకు పట్టుకోవడానికి ఆయనకు నామోషీగా ఉంది. నేను పట్టుకుంటాను.

ఇట్లు,
ఈసారికి నీ మాట వినని నీ కూతురు,
కెజియ