సంగటి గిన్నె పట్టే మనిషి

తిరుపతి, ఆదివారం, 12 జూలై 1981

మా అమ్మాయి పద్మ అనంతపురం హాస్టల్లో చేరి పదిరోజులైంది. ఈ పదిరోజులూ ఇంట్లో అన్నమే. రాగి సంగటి గెలికేటప్పుడు గిన్నె కదలకుండా పట్టుకోవడానికి రెండో మనిషి కావాలి. చిన్నప్పటి నుంచీ ఆ పని పద్మదే. ఆయన్ని అడగాలని నాకు తోచనే లేదు. పిల్ల లేకపోతే మా ఇద్దరికీ మాటలే ఉండవేమోనన్న దిగులు మాత్రం రోజూ తోచింది.

ఈ సాయంత్రం ఆయనే వంటింట్లోకి వచ్చారు.

"ఏమే, సంగటి మర్చిపోయినావా?"

"గిన్నె పట్టుకునేదెవరు?"

"నేను లేనా?"

మసిగుడ్డతో పట్టుకున్నారు. నేను సంగటి కట్టెతో ఒక్క తిప్పు తిప్పగానే గిన్నెతో పాటు ఆయనా తిరిగారు.

"గట్టిగా పట్టుకోండప్పా! మీ బిడ్డయితే ఇట్లా కదలనిస్తుందా?"

"దానికి పదేండ్ల సర్వీసు ఉండాది. నేను ఈపొద్దే కదా డ్యూటీలో చేరినాను!"

నవ్వు ఆపుకోలేక కట్టె వదిలేశాను. సంగటి నిండా ఉండలే. అయినా చెనక్కాయలు నూరిన ఊరిబిండితో రెండు ముద్దలు తిన్నారు. తింటున్నంతసేపూ పద్మ మాట ఒక్కసారే వచ్చింది. మిగతాదంతా ఆ ఉండలు ఎవరివల్ల వచ్చాయన్న వాదనే.

పద్మకు కార్డు మీద జాబులో, "గిన్నె పట్టడానికి మీ నాయన కుదిరాడు" అని రాశాను. తన చోటు అప్పుడే నిండిపోయిందనుకుంటుందేమో? కొట్టేసి, "మీ నాయనకు గిన్నె పట్టడం బొత్తిగా రాదు, సెలవులకొచ్చి నువ్వే నేర్పించు" అని రాశాను.

జాబు పోస్టులో వేసేది ఆయనే. దారిలో చదివితే రేపు గిన్నె పట్టుకుంటారో లేదో...