నాన్న వేలిపై మోపిన అభియోగం

అనకాపల్లి

తుపాకులకు లైసెన్సులు, అడవిపందులకు రక్షణ, రైతులకు సలహాలు మంజూరు చేయు సమస్త అధికారుల సన్నిధికి: దిగువ విన్నవించు విషయం తమ పరిధిలోకి రాదని తామందరూ వేరువేరుగా తెలియజేయగలరు గనుక, ఆ శ్రమ తమకు తప్పించి, దీనిని పరిధి గల ఏకైక వ్యక్తికి, అనగా కాండ్లా రేవులో క్రేను నడుపుచున్న నా తమ్మునికి పంపడమైనది.

చిరంజీవి దేవీప్రసాద్‌కు అక్క దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. ఈ వాక్యం అలవాటు కొద్దీ రాసింది కాదు, విచారణ జరిపి రాసింది. విచారణ ఎందుకు అవసరమైందో పోగా పోగా తెలుస్తుంది.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాలు చదును నేల మీద సహకరిస్తోంది, మెట్ల దగ్గర మాత్రం అభ్యంతరం తెలుపుతోంది. తుమ్మపాల వైపు మడిలో చెరకు నడుమెత్తు దాటింది. పందులు పొద్దుగూకే వేళకు క్రమశిక్షణతో హాజరవుతున్నాయి. ఫోను చేయక ఉత్తరం ఎందుకు రాస్తున్నానని అడిగావు. మన ఇంట్లో ఫోను నాన్న దగ్గరే ఉంటుంది, ఎవరు మాట్లాడినా స్పీకరులోనే మాట్లాడాలి. అందువల్ల.

"ఆ పని అయిందా?" అన్నది నీ ఆఖరి ప్రశ్న. అయింది. వివరాలు ఇవి.

తాతగారి లీవరు తుపాకీ ఎన్ని దశాబ్దాలుగా బెల్లం వండే పాకలో, పొయ్యికి ఎదురు గుంజకు వేలాడిందో నీకు తెలుసు. నాన్న దానితో ఏ పందినీ చంపలేదు. లీవరు దించి ఎత్తి, గొట్టం ఆకాశానికి లేపి పేల్చడం, పందులు పరుగెత్తడం, ఇంతే కార్యక్రమం. ట్రిగర్ మాత్రం మొండిది. ఈ ఏడు నాన్న దాన్ని రెండు వేళ్లతో లాగడం నువ్వు చూశావు. సెలవు ముగించుకుని వెళ్తూ, రైలు కదలబోతుండగా కిటికీలోంచి నాకు ఆదేశం జారీ చేశావు: "తేలిక చేయించక్కా. నాన్నకు చెప్పకు, చిన్నబుచ్చుకుంటాడు." ఆ ఆదేశాన్ని నేను శిరసావహించాను.

శుభ్రం చేయించాలన్న నెపంతో నాన్నను, ఆయన లైసెన్సును, తుపాకీని వెంటబెట్టుకుని విశాఖలో తుపాకులు బాగుచేసే త్రినాధరావు గారి షాపుకు వెళ్లాను. ఆయన మరలు విప్పగానే లోపల్నుంచి చీమలు బయలుదేరాయి. పాకం ఆవిరి, పొగ, గానుగకు పూసే గ్రీజు కలిసి లోపల నల్లగా గడ్డకట్టాయి.

"ఇది తుపాకీయా, బెల్లం దిమ్మా?" అన్నారు త్రినాధరావు గారు.

"రెండూనీ బాబూ. తుపాకీ పందులకి, బెల్లం మాకూనీ" అని చెప్పి నాన్న టీ తాగడానికి బయటికి వెళ్లాడు.

ఆ టీ పూర్తయ్యేలోగా నేరం జరిగింది. త్రినాధరావు గారు కొక్కెం కాటాను ట్రిగర్‌కు తగిలించి లాగి చూపించారు. ముల్లు నాలుగు కిలోల దాకా వెళ్లింది. గడ్డ కడిగితే కొంత తగ్గుతుంది, స్ప్రింగు మారిస్తే సగానికి దిగుతుంది అన్నారు. మార్చమన్నాను. "మార్చినట్టు ఆయనకు ఒక మాట చెప్పండమ్మా. చెయ్యి పాత బరువుకే అలవాటు పడి ఉంటుంది" అన్నారు. చెబుతానన్నాను. చెప్పలేదు.

తుపాకీ తిరిగి వచ్చిన వారంలోనే ఒక సాయంత్రం చెరకులో అలికిడి అయింది. నాన్న ఎప్పటిలాగే లీవరు ఎత్తుతూనే ట్రిగర్ మీద వేలు వేశాడు. పాత ట్రిగర్ లొంగేలోపు గొట్టం ఆకాశానికి చేరేది. కొత్తది అంత వ్యవధి ఇవ్వలేదు. గుండు పంపుసెట్టు షెడ్డు గోడ రేకులోంచి దూసుకుపోయింది.

లోపల అమ్మ బిందె నింపుతోంది.

తమ్ముడూ, ఇంతవరకు ఆపుకొచ్చిన సంగతి ఇదే. రేకుకు పడిన చిల్లి అమ్మ నడుము ఎత్తున ఉంది. ఆమె ఒక అడుగు పక్కగా నిలబడింది గనుక ఈ ఉత్తరంలో "అందరం క్షేమం" అని రాయగలిగాను.

అమ్మ బయటికి వచ్చి, "ఏటది, రేకు మీద ఎవలు కొట్టేరు?" అంది. సంగతి తెలిశాక తడి తువ్వాలు తెచ్చి చిల్లి మీద ఆరేసింది. ఆ వ్యవహారం ఆమె వరకు ముగిసింది. పక్క మడి వీరన్న గట్టు మీద నుంచి, "ఏటి బావా, పందులు పంపు షెడ్డులో కాపరం పెట్టేయేటి?" అన్నాడు. వేరే రోజైతే నాన్న బదులిచ్చేవాడు. ఆ రోజు తుపాకీని నేల మీద పెట్టి, తన కుడిచేతిని పరాయివాడిని చూసినట్టు చూశాడు.

"నా ఏలు నా మాట ఇన్లేదమ్మా" అన్నాడు నాతో.

మర్నాడే నిజం చెప్పాను. స్ప్రింగు మార్పించింది నేనేనని, తప్పు వేలిది కాదని చెప్పాను.

"సదూకున్నదానివి. నన్ను ఊరుకోబెట్టడానికి ఎన్నైనా సెప్తావు."

"త్రినాధరావు గారిని అడుగు నాన్నా."

"ఆయనకీ నువ్వే సెప్పుంటావు."

అప్పటినుంచి కాఫీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటున్నాడు. స్కూటరు తాళాలు నాకు అప్పగించాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. ఇవన్నీ భరించవచ్చు. కానీ రోజూ వీధి మెట్ల దగ్గర అమ్మకు చెయ్యి అందించేది ఆయనే కదా. ఇప్పుడు ఆమె మెట్టు దిగుతుంటే రెండు చేతులూ వెనక్కి కట్టుకుని పక్కకు తప్పుకుంటున్నాడు. అమ్మ గోడ పట్టుకుని దిగుతోంది. "నీ సెయ్యేటి, అరిగిపోతాదా?" అని నిన్న అడిగింది. మోకాలి అభ్యంతరానికి అసలు కారణం ఇది.

నా సాక్ష్యం చెల్లలేదు. నీది చెల్లుతుంది. ఎవరినైనా ఊరడించడం నీకు పుట్టుకతోనే చేతకాదని నాన్నకు తెలుసు.

ఇట్లు,
ఈ నేరంలో నీతో సమాన భాగస్వామి,
మీ అక్క రాజశ్రీ

అనుబంధం. డిమాండు సంఖ్య 1: ఈ ఉత్తరం అందిన రోజే, రైలు కిటికీలోంచి నాతో ఏమన్నావో అక్షరం మార్చకుండా నీ చేతిరాతతో నాన్న పేరున రాసి పంపవలెను. ఆయన కుడిచేతిని నిర్దోషిగా విడుదల చేసి, మెట్ల వద్ద అమ్మకు తిరిగి స్వాధీనపరచవలెను.