పొయ్యి వెనక గోడలో ఇరవై ఆరు ఇటుకలు

నాన్‌జింగ్ నగరం దక్షిణ ద్వారం లోపలి సందులో కాపురముంటున్న, కీర్తిశేషుడు షెన్ హైలిన్ భార్య థాన్ యిన్‌దీ అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు చెప్పాడు. నమ్మకం చాలక ఇంకోసారి అడిగాను, అదే చెప్పాడు. వయోజనుల బడిలో నేర్చిన చదువు నాది, తప్పులు మన్నించాలి.

1. ఈ ఇల్లు వచ్చే వసంతంలో కూల్చేస్తారు. బదులుగా ఇచ్చే ఫ్లాటు కొడుకు వెయ్‌షాన్‌కీ, కూతురు చ్యూలాన్‌కీ చెరిసగం. పోట్లాడుకోకండి. పోట్లాడుకుంటారనే నా దిగులు.

2. ఉప్పు బాతు వండే పాత మసాలా నీళ్ళ కుండ కోడలు మింగ్‌ఫాంగ్‌కి. పాతబడేకొద్దీ రుచి పెరుగుతుందని ముప్ఫై ఏళ్ళుగా ఆ నీళ్ళు పారబోయకుండా మరిగిస్తున్నాను. "అత్తయ్యకి ఇటుకల మీదున్న ప్రేమ మనుషుల మీద లేదు" అని పండగపూట అందరి ముందూ అంది. మరిచిపోలేదు. అయినా కుండ ఆమెకే. చ్యూలాన్‌కి వారం వారం మరిగించే ఓపిక లేదు.

3. ఇక ఇటుకలు. 1958లో, మింగ్ వంశపు చక్రవర్తి కట్టించిన నగరపు గోడను పడగొట్టే కూలీల్లో మా ఆయన ఒకడు. "గోడ ఎలాగూ పోతోంది, ఇవైనా మనింట్లో బతకనీవే" అంటూ ఇరవై ఆరు ఇటుకలు తోపుడుబండి మీద తెచ్చి వంటింటి గోడలో పెట్టాడు. ప్రతి ఇటుక పక్క అంచు మీదా, చేయించిన అధికారి మొదలుకొని కూలివాడి దాకా పేర్లు అచ్చుగుద్ది ఉన్నాయి. ఇటుక చెడితే ఎవరిని పట్టుకోవాలో తెలియాలి కదా. ఒకదానిమీద ఆఖరి పేరు ల్యూ పదమూడు. అప్పట్లో బీదవాళ్ళకి అంకెలే పేర్లు. ఆరువందల ఏళ్ళ కిందట అతను ఎంత వణుకుతూ ఆ అచ్చు వేశాడో అనుకునేదాన్ని.

1966లో సాంస్కృతిక విప్లవమంటూ పాతవన్నీ పగలగొట్టి, దాచినవాళ్ళని శిక్షించే రోజులొచ్చాయి. నేనే ఆయన వెంటపడి పేర్లు లోపలికి తిప్పించి, మామూలు ఇటుకల్లో కలిపించి, పైన సున్నం పూయించాను. ఆయన విసుక్కున్నాడు. ఆ తప్పు నాది, ఆయనది కాదు.

ఇప్పుడు నగరపు గోడ బాగుచేయడానికి పాత ఇటుకలు తిరిగిమ్మని వీధి కమిటీ వాళ్ళు అడుగుతున్నారు. ఎవరినీ శిక్షించరట. మూడుసార్లు వెళ్ళి కనుక్కున్నాను. ఇరవై ఆరూ నగరపు గోడకే చెందాలి.

4. పై అంశం చదివి వినిపిస్తే, "ఏ గోడో, ఏ వరసో మాకెలా తెలుస్తుందమ్మా? యంత్రం వస్తే అరగంటలో అంతా రాళ్ళకుప్ప" అన్నాడు వెయ్‌షాన్. నిజమే. వంటింటిని రెండుసార్లు పెంచాం. ఎక్కడెక్కడ ఉన్నాయో నా చేతికి తెలుసు, కాగితం మీద పెట్టలేను. కనుక మూడో అంశం నా చావుదాకా ఆగదు. సోమవారం పొద్దున్నే తాపీమేస్త్రీ వస్తాడు. నేను కుర్చీలో కూర్చుని వేలు పెట్టి చూపిస్తాను. గోడ తీశాక ఈ చలికాలమంతా వంట వాకిట్లోనే. దగ్గు తిరగబెడుతుందని భయంగానే ఉంది. అయినా వండుకుంటాను.

ఈ పత్రం అమలు బాధ్యత యూ బోవెన్ మాస్టారిది.

2016 నవంబరు 12, శనివారం.

(సంతకం) థాన్ యిన్‌దీ

సాక్షులు:
యూ బోవెన్, రిటైర్డు టీచరు, పక్కిల్లు
చూ లీహువా, వీధి కమిటీ